విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, బాబుకి ఆయాసం: చూడాల్సినవి

కొత్తగా రంగులు వేశారు, ఆ ఇల్లు అద్దెకి తీసుకోవచ్చా అని అడిగారు కదండీ, చెమ్మ కనబడకుండా వేశారేమోనని నాకు ఆ రంగుల మీదే అనుమానం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద ఆ వైపు ఇళ్లలోకి వచ్చింది, కాబట్టి మీ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో ఓనర్‌ని కాకుండా పక్కింటివాళ్లని అడగండి. అల్మారాల లోపల, సింకు కింద, గోడ అడుగున చెయ్యి పెట్టి చూడండి. తెల్లటి ఉప్పు పొడి రాలినా, పెయింట్ ఉబ్బినా, ముక్కిన వాసన వచ్చినా గోడలో చెమ్మ ఉన్నట్టే, ఆ చెమ్మకి పట్టే బూజు ఆయాసం ఉన్న పిల్లలకి అస్సలు మంచిది కాదు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి రెండు వైపులా కిటికీలు తీయండి, గాలి ఆడుతుందా, పడమటి గోడ కాలుతుందా తెలుస్తుంది. పాత కరెంటు బిల్లులు కూడా అడగండి. బోరు నీళ్లయితే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటిందేమో చూడండి. చెమ్మ కనిపిస్తే మాత్రం అద్దె తగ్గించినా వద్దండీ.