గాలివాన తర్వాత అమ్రాబాద్ కొండలకు వెళ్లే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గాలివాన వెలిసి వారమైనా కాకముందే అమ్రాబాద్ కొండపల్లెల్లో కాలినడకన తిరుగుతానని రాశావు. వద్దనను. చైత్రంలో నల్లమలను చూడవలసిందే. కాని ఈసారి కాలి కింది రాళ్ల కంటే తలపైన ఉన్నవాటితోనే ఎక్కువ జాగ్రత్త.

అచ్చంపేటలో పొద్దున్నే బస్సెక్కి మన్ననూరులో దిగు. అక్కడ శ్రీశైలం రోడ్డు వదిలి అమ్రాబాద్, పదర వైపు మళ్లు. ఊళ్లను కలిపే రోడ్డు వదిలి లోపలికి వెళ్లకు. లోపలిది పులుల అడవి, అనుమతి లేకుండా చెంచుపెంటలకు, అంటే చెంచుల గూడేలకు, అడ్డదారి పట్టకూడదు. మధ్యాహ్నం మూడుకల్లా ఏదో ఒక ఊళ్లో ఉండు. ఎండకు నేల కాగి మబ్బు పేరుకునేది ఆ తర్వాతే. ఈదురుగాలి, వడగళ్లు, పిడుగులు ఎక్కువగా సాయంత్రాలే వస్తాయి. ఉరుము వినబడితే చెట్టు నీడ కాదు, పక్కా ఇల్లు వెతుక్కో. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ పెట్టుకున్నావు, మంచిదే. సిగ్నల్ లేని చోట అది నీకేమీ చెప్పదు.

విరిగిన కొమ్మలన్నీ అదే రోజు కింద పడవు. పక్క చెట్టులో ఇరుక్కుని వేలాడుతూ, నాలుగు రోజుల తర్వాత చిన్న గాలికే ఊడిపడతాయి. కాబట్టి భోజనం మూట విప్పేముందు పైకి చూడు. ఇంటి చూరు కింద నిలబడేటప్పుడూ అంతే. రేకులు లేవకుండా పైన బండలు పెడతారు. గాలికి రేకు కదిలిందంటే బండా కదిలినట్టే. పడిన రేకుల దగ్గర మేకులుంటాయి, చెప్పులతో వెళ్లకు.

తెగిన కరెంటు తీగ కనబడితే, ఊళ్లో కరెంటు లేదు కదా అనుకోకు. ఎప్పుడైనా రావచ్చు. ఎవరింట్లోనో జనరేటర్ తిరుగుతున్నా తీగలోకి కరెంటు పారవచ్చు. దగ్గరికి వెళ్లకుండా 1912కు ఫోను చెయ్యి. నీళ్లు మాత్రం నీవే మోసుకెళ్లు. కరెంటు లేకపోతే బోరు మోటార్లు నడవవు, ఊళ్లోవాళ్లు బిందెల్లో దాచుకున్నవి నీవు పోయించుకోకూడదు. అడిగితే కాదనరు, అదే చిక్కు.

ఇక మనుషుల సంగతి. చేతిలో పుస్తకం, ఫోను చూడగానే నష్టం రాసుకోవడానికి వచ్చావనుకుని పాస్‌బుక్కు పట్టుకుని ఎదురొస్తారు. నీవెవరో ముందే చెప్పు. పరిహారం వస్తుందని మాటివ్వకు. పంటలో మూడో వంతు, అంటే 33 శాతమైనా పోతే విపత్తు సాయం లెక్కలోకి వస్తుంది. దాన్ని వ్యవసాయ విస్తరణ అధికారి వచ్చి చూసి రాయాలి. పడిపోయిన చేనును దున్నేసేలోపు తేదీ పడేలా ఫోటో తీసిపెట్టమంటే తీసిపెట్టు. అడగకుండా మాత్రం కూలిన ఇంటి ముందు ఫోను ఎత్తకు. నీ వయసువాళ్లకు ఇది ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద పువ్వు పరచుకుని ఉంటే తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లు. ఏరుకునేవాళ్లకు అది సంపాదన. రాలిన మామిడికాయలూ అంతే, తోటలో నేల మీద ఉన్నా యజమానివే. అమ్ముతుంటే బేరమాడకుండా నాలుగు కిలోలు కొనుక్కురా. దెబ్బ తగిలిన కాయ ఆవకాయకు పనికిరాదని మీ అత్తయ్య గొణుగుతుంది. ఒరుగులు కోస్తుందిలే.

ఇట్లు,
మీ మామయ్య