నడాల్‌కి అనంతపురంలో అంత పేరు ఎందుకు?

క్రికెట్ తప్ప మరో ఆట పట్టని ఊళ్లో స్పెయిన్ టెన్నిస్ ఆటగాడికి ఇంత అభిమానం ఎలా వచ్చిందని అడిగారు. ఆయన మా ఊరికి వచ్చాడండీ, అసలు కారణం అదే.

రాఫెల్ నడాల్ ఫౌండేషన్, ఫాదర్ ఫెర్రర్ స్థాపించిన సేవాసంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్)తో కలిసి 2010లో అనంతపురంలో టెన్నిస్ స్కూలు పెట్టింది. ఆ అక్టోబరులో నడాల్ స్వయంగా వచ్చి ప్రారంభించాడు. పేద పిల్లలకు అక్కడ టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటర్ కూడా నేర్పుతారు. రాకెట్ కొనడమే భారమయ్యే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక ప్రపంచమంతా ఉన్న పేరంటారా, అది ఆటతో వచ్చింది. మొత్తం 22 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, అందులో 14 ఒక్క ఫ్రెంచ్ ఓపెన్‌లోనే. 2008 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్‌ను ఓడించే సరికి చీకటి పడిపోయింది. అయితే నా లెక్కలో జనానికి నచ్చింది కప్పుల కంటే ఆయన పట్టుదల. అందని బంతి కోసం కూడా పరిగెత్తేవాడు, స్కోరు ఎంతున్నా సరే.

మా వీధిలో ఒక పాప ఆడేముందు రెండు నీళ్ల సీసాలు గోడవారగా, లేబుళ్లు తాను ఆడబోయే వైపు ఉండేలా ఒకదాని వెనక ఒకటి నిలబెడుతుంది. ఒకటి కాస్త పక్కకు జరిగినా వెనక్కొచ్చి సర్దుతుంది. అచ్చం నడాల్ అలవాటే! ఆయన 2024 నవంబరులో రిటైరయ్యాడు. పాప మాత్రం ఇంకా సీసాలు సర్దుతూనే ఉంది.