కౌన్సెలింగ్ అంటే మందలింపా, మంత్రమా?

సందేహం: మాస్టారూ, టెక్కలి చుట్టుపక్కల పల్లెల్లో మానసిక ఆరోగ్యం మీద పనిచేసే చిన్న బృందంలో ఉన్నాను. కరపత్రం వేద్దామని 'ఆత్మహత్యాయత్నానికి పాల్పడిన వారికి, మానసిక రోగులకు ఉచితంగా కౌన్సెలింగ్ ఇవ్వబడును' అని రాశాం. ఆ మాట వినగానే ఆడవాళ్ళు 'నానేటి తప్పు సేసినానమ్మా?' అంటున్నారు. కౌన్సెలింగ్‌కి తెలుగు మాట ఏది? ఇంకొకటి. మా శిక్షణ పుస్తకం అమెరికాలో తయారైంది. అందులో మాటిమాటికీ వచ్చే 'సోషల్ జస్టిస్', 'రేషియల్ ఈక్విటీ' అనే రెండు భావాలను 'సామాజిక న్యాయం', 'జాతి సమానత' అని తెలుగు చేశాం. సరేనా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

సమాధానం: అమ్మా, ఆ ఆడవాళ్ళ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. అరువు మాట మన ఊరికి ఏ దారిన వస్తే ఆ దారి మట్టిని కాళ్ళకు అంటించుకునే వస్తుంది. కౌన్సెలింగ్ అనే మాట పల్లెకు పోలీస్ స్టేషన్ మీదుగా వచ్చింది. 'రౌడీషీటర్లకు కౌన్సెలింగ్', 'తాగి బండి నడిపిన యువకులకు కౌన్సెలింగ్' అని పేపర్లో చదువుతూనే ఉంటాం. చదువుకున్న పిల్లలున్న ఇంట్లో అయితే ఇంజనీరింగ్ సీటు గుర్తొస్తుంది. దానికి తోడు 'ఇవ్వడం' అనే క్రియ. వార్నింగ్ ఇచ్చారు, కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇచ్చేవాడు పైన, తల వంచుకుని పుచ్చుకునేవాడు కింద. తప్పేం చేశానని ఆవిడ అడగక ఏం చేస్తుంది?

బీఎడ్ పుస్తకాల్లో దీన్ని 'మంత్రణం' అంటారు. మంత్రి, మంతనాలు అనే మాటలకు చుట్టమే, అర్థం కూడా సరైనదే. కానీ మీ పల్లెల్లో వాడకండి. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి ఊరు వెళ్ళగొట్టిన ప్రాంతం మనది. మంత్రణం అంటే మంత్రమనే వినిపిస్తుంది.

నా సలహా ఏమిటంటే, కౌన్సెలర్ అన్న మాటను ఉండనిచ్చి క్రియను మార్చండి. 'కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు', 'మీ గోడు చెప్పుకోవచ్చు' అనండి. చెప్పడం వేరు, చెప్పుకోవడం వేరు. వండాడు అంటే ఎవరికోసమైనా కావచ్చు, వండుకున్నాడు అంటే తనకోసం. ఆ 'కొను' చేరగానే పని ఫలితం చేసినవాడికే దక్కుతుంది. గోడు చెప్పుకోవడంలో ఎదుటివాడి పని వినడం. ఇంగ్లీషు పుస్తకం నాలుగు పేజీల్లో చెప్పేదాన్ని మన వ్యాకరణం ఒక్క ప్రత్యయంలో పెట్టింది. ఈ సంగతి మీ బృందంలో అందరికీ చెప్పండి.

వినడం ఎంత కష్టమో నేను దగ్గరగా చూశాను. మా పెద్దమ్మది మన శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు కొబ్బరితోట నేలకూలింది. కొడుకు పనికోసం చెన్నై వెళ్ళిపోయాడు. కొన్ని నెలలకు ఆవిణ్ణి ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. 'పేణం ఉసూరుమంతంది బాబూ, గుండి గుబగుబలాడతంది, రాత్రేల కునుకు నేదు' అని చెప్పింది. వేరే జిల్లా నుంచి వచ్చిన కుర్ర డాక్టరు గుండె అన్న ఒక్క మాట పట్టుకుని ఈసీజీ తీయించాడు. చూసి 'ఏమీ లేదమ్మా' అన్నాడు. జబ్బు లేదని ధైర్యం చెప్పడమే ఆయన ఉద్దేశం. పెద్దమ్మకు మాత్రం, నీ బాధ బాధే కాదు అన్నట్టు వినిపించింది. బయటికొచ్చి బల్ల మీద కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తెలుగువాళ్ళ దుఃఖం శరీరంలోనే మాట్లాడుతుంది. కడుపు రగులుతుంది, గుండె జారుతుంది, కాళ్ళూ చేతులూ ఆడవు. డిప్రెషన్ అన్న మాట రాని మనిషికి అది లేదనుకోకూడదు. బెంగ, దిగులు, గుబులు ఒకటి కాదని కౌన్సెలర్‌కు తెలియాలి. బెంగ దూరమైనవాళ్ళ కోసం, గుబులు రాబోయేదాని గురించి. దిగులుకు కారణం కనపడకపోవచ్చు కూడా.

ఇక 'పాల్పడిన' తీసేయండి. దొంగతనానికి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు అంటాం. సాయానికి పాల్పడ్డాడు అనం. అది నేరాల పక్కన నడిచే క్రియ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి. చట్టం వదిలేసిన నేరాన్ని మన క్రియ పట్టుకుని వేలాడకూడదు. 'మానసిక రోగి' కూడా వద్దు. 'ఆయనకి జ్వరం వచ్చింది' అంటాం. వచ్చింది జ్వరం, మనిషి మనిషిగానే ఉన్నాడు. 'మానసిక సమస్య వచ్చినవారు' అన్నా అంతే.

జాతి సంగతికి వద్దాం. తెలుగులో ఈ మాట మోయలేనంత బరువు మోస్తోంది. జాతిపితలో దేశం, గిరిజన జాతుల్లో తెగ, జాతి తక్కువ అన్న తిట్టులో కులం. మీ పుస్తకం చెప్పేది వీటిలో ఏదీ కాదు, అమెరికాలో నల్లవారి చరిత్ర. 1851లో లూసియానా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్, యజమాని నుంచి పారిపోయే నల్ల బానిసలకు ఉన్నది ఒక పిచ్చి అని చెప్పి దానికి 'డ్రాపెటోమేనియా' అని గ్రీకు పేరు పెట్టాడు. కొరడా దెబ్బల్ని వైద్యంగా సూచించాడు. స్వేచ్ఛ కోరడాన్ని జబ్బు చేసేసింది ఒక్క మాట! అందుకే అక్కడి వృత్తి సంఘాలు తమ చరిత్రను తిరిగి చూసుకున్నాయి. సామాజిక న్యాయంతో కూడిన కౌన్సెలింగ్ ప్రమాణాలను 2015లో అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ ఆమోదించింది. 2021లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ జాతి వివక్షలో తన పాత్రకు క్షమాపణ చెప్పింది. ఆ కథ చెప్పేచోట 'జాతి వివక్ష' అనే రాయండి. 'వర్ణ వివక్ష' అంటే మనకు చాతుర్వర్ణ్యం గుర్తొస్తుంది.

మన కరపత్రంలో మాత్రం మన వివక్షల పేర్లే ఉండాలి. ఇందాక చెప్పిన 2017 చట్టం 18వ సెక్షన్ లింగం, మతం, సంస్కృతి, కులం, వర్గం, వైకల్యం వంటి ఏ కారణంతోనూ మానసిక వైద్యంలో తేడా చూపకూడదంటోంది. కులం అన్న మాటను 'జాతి' ముసుగులో దాచొద్దు.

'సమానత' ఒక్కటీ చాలదు. మన పెద్దలు రెండు మాటలన్నారు: పంక్తిలో వలపక్షం కూడదు, ఆకలెరిగి వడ్డించాలి. మొదటిది సమానత్వం. మీ పుస్తకం అడిగేది రెండోది. అందరికీ పగలు పదింటికే కౌన్సెలర్ దొరికితే వలపక్షం లేనట్టే. కానీ పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళే మనిషి ఆ వేళకు రాలేదు. దీన్ని 'ఎవరి అవసరానికి తగ్గట్టు వారికి' అని విడమరిచి రాయండి, సమాసం కోసం వెతక్కండి.

మందస, మెళియాపుట్టి కొండల్లోకి వెళ్తే తెలుగు కూడా చాలదు. మన జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి అక్కడి సవర గిరిజనులకు తెలుగు నేర్పి ఊరుకోలేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని తానే సవర నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. మీ బృందంలో సవర మాట్లాడే అమ్మాయి ఒకరైనా ఉండాలని నా కోరిక.

స్పెల్లింగ్ 'కౌన్సిలింగ్' కాదు, 'కౌన్సెలింగ్' అనే రాయండి. కౌన్సిల్ అంటే సభ, మునిసిపల్ కౌన్సిల్ లాగ.

కరపత్రం ఇలా మార్చి చూడండి: 'మనసు బాగోలేదా? నిద్ర పట్టడం లేదా? చనిపోవాలనిపిస్తోందా? మీ తప్పేమీ లేదు. మీ గోడు వినడానికి మనిషి ఉన్నారు. డబ్బు కట్టక్కర్లేదు. ప్రాణాపాయం ఉంటే తప్ప మీరు చెప్పింది ఇంకొకరికి చెప్పం. రాత్రయినా పగలయినా ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.' అచ్చుకు పంపేముందు 'నానేటి తప్పు సేసినాను' అన్న ఆవిడకు ఒకసారి చదివి వినిపించండి. ఏ మాట దగ్గర ఆవిడ ముఖం ముడుచుకుంటే ఆ మాట నాకు రాసి పంపండి.