లంబసింగి బయల్దేరే ముందు

అమ్మలూ,

బండి కొన్నావని, డిసెంబరులో స్నేహితులతో కలిసి విశాఖ నుంచి లంబసింగి వెళ్దామనుకుంటున్నావని అమ్మ చెప్పింది. నన్ను వద్దనమని చెప్పడానికే ఫోన్ చేసింది పాపం. నేను వద్దనను. ఆ దారి చూడాల్సిందే. కాకపోతే రైడింగ్ జాకెట్ కొనే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

ఆ ప్రయాణంలో ఒక్క రోజులోనే మూడు వాతావరణాలు తగులుతాయి. తెల్లారేలోపు లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ చేరి మేఘాలు చూడాలంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. విశాఖలో అప్పుడు చలి పెద్దగా తెలియదు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే మారిపోతుంది. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. మామూలుగానే వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది, దానికి తోడు అక్కడ రాత్రి చలి, మంచు. తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం అనకాపల్లి దగ్గర అదే జాకెట్‌లో చెమటలు కారతాయి. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటే మధ్యలో వాన కూడా.

షాపులో ఇది చెప్పగానే అన్ని కాలాలకీ పనికొస్తుందంటూ ఒక జాకెట్ చూపిస్తారు. లోపల వానకో లైనర్, చలికో లైనర్, అంటే విడదీసే లోపలి పొరలు, రెండూ జిప్పుతో తగిలించి ఉంటాయి. అది తీసుకోకు. కిందపడితే కాపాడేది వేరు, వాతావరణాన్ని ఆపేది వేరు. మొదటిది బండెక్కిన ప్రతిసారీ ఒంటి మీద ఉండాలి, రెండోది అవసరాన్ని బట్టి పైనా లోపలా మారుతుండాలి. రెండూ ఒకే జాకెట్‌లో కావాలనుకుంటే మన ఎండకి అది చిలక్కొయ్యకే వేలాడుతుంది.

కాబట్టి మెష్ జాకెట్ కొను, వలలాంటి గుడ్డతో కుట్టింది, గాలి బాగా ఆడేది. అయితే భుజాల దగ్గర, మోచేతుల దగ్గర మెష్ కాకుండా మందపాటి గుడ్డ ఉండాలి, ఎందుకంటే రోడ్డు మీద జారితే ముందు రాసుకునేవి అవే. లోపలి ప్యాడ్లు బయటికి తీసి చూడు, మొహమాటపడకు. వాటి మీద ఈఎన్ 1621 అని (ఈ ప్యాడ్లకి యూరప్ వాళ్ళు పెట్టిన ప్రమాణం అది), లెవెల్ 1 అనో 2 అనో ఉంటుంది. 2 మేలు. వీపు ప్యాడ్ సంగతే తీసుకో: పరీక్షలో దెబ్బ కొట్టినప్పుడు లెవెల్ 1 ప్యాడ్ సగటున 18 కిలోన్యూటన్ల వరకు దెబ్బ బలాన్ని అవతలికి పోనిస్తుంది, లెవెల్ 2 అయితే 9 దాటనివ్వదు. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఉత్త స్పాంజి ముక్క పెట్టి అమ్ముతారు. అది ప్యాడ్ కాదు. సరైనది విడిగా కొని ఆ జేబులో పెట్టుకో.

సైజు నిలబడి చూడకు. షాపు బయట నీ బండి మీదే కూర్చుని హ్యాండిల్ పట్టుకుని చూడు. చేతులు చాచగానే స్లీవ్ మణికట్టు పైకి లేచిపోకూడదు, మోచేతి ఎముక సరిగ్గా ప్యాడ్ మధ్యలో ఉండాలి. రెండో చేత్తో ఆ ప్యాడ్‌ని పక్కకి తిప్పి చూడు. తిరిగిపోతోందంటే పడినప్పుడూ తిరిగిపోతుంది, ఇక అది ఉన్నా లేనట్టే. మగవాళ్ళ సైజులో చిన్నది ఇచ్చి సరిపెట్టబోతారు. భుజాల దగ్గర వదులవుతుంది, ఒప్పుకోకు. ఆడవాళ్ళ కొలతలకు కుట్టినవి దొరుకుతున్నాయి, వారం ఆగినా అవే తెప్పించుకో.

ఇక వాన. లోపల వేసుకునే రెయిన్ లైనర్ నాకు ఎందుకు నచ్చదో చెబుతాను. ఒళ్ళు తడవదు కానీ పైన జాకెట్ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. తడిసిన గుడ్డకి గాలి తగులుతుంటే కుండలో నీళ్ళు చల్లబడినట్టు ఒళ్ళంతా చల్లబడిపోతుంది. పైగా అది తొడుక్కోవడానికి వానలో రోడ్డు పక్కన జాకెట్ విప్పాలి. దాని బదులు జాకెట్ మీద వేసుకునే రెయిన్‌కోటు తీసుకో, ఒక సైజు పెద్దది, ప్యాంటు విడిగా ఉన్నది. నలుపు వద్దు. పసుపో, చిలకపచ్చో, రాత్రి లైటు పడితే మెరిసే పట్టీలున్నదైతే మంచిది. పైనుంచి కప్పుకునే పొంచో రకం మాత్రం బండి మీద వద్దే వద్దు, గాలికి లేచి మొహం మీద పడుతుంది, చైన్లోకీ పోతుంది. చున్నీ కూడా అంతే అమ్మా. మెడకి చలేస్తే అంచులు వేలాడని బఫ్ తొడుక్కో, గొట్టంలా ఉండే మెడ గుడ్డ అది.

ఆ రెయిన్‌కోటే చలికీ మందు. చలిలో మనల్ని వణికించేది ఎక్కువగా గాలే. పది డిగ్రీల చలిలో గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి అయిదు డిగ్రీల్లా తగులుతుంది. మెష్ జాకెట్ ఆ గాలిని ఆపదు. లోపల ఒంటిని పట్టి ఉండే థర్మల్, అంటే వెచ్చని లోదుస్తులు, పైన రెయిన్‌కోటు వేస్తే లంబసింగి చలికి అది చాలు. లోపల కాటన్ టీషర్టు వద్దు, చెమట పట్టి ఉంచుకుంటుంది, చలి మొదలయ్యాక ఆ తడే ఇబ్బంది. ఇవన్నీ వణుకు పుట్టాక కాదు, నర్సీపట్నంలో టీకి ఆగినప్పుడే వేసేసుకో. ఘాట్‌లో మలుపు పక్కన బండి ఆపి తొడుక్కోవడం మంచిది కాదు.

చేతుల సంగతి చాలామంది పట్టించుకోరు. వేళ్ళు మొద్దుబారితే బ్రేక్ ఎంత నొక్కుతున్నావో నీకే తెలియదు. గ్లవ్స్ రెండు జతలు పెట్టుకో, పగటికి పల్చనివి, చలికీ వానకీ నీళ్ళు దిగనివి. రెండింటికీ అరచేతి కింద గట్టి ప్యాడ్ ఉండాలి, పడేటప్పుడు ఎవరైనా ముందు ఆనించేది అరచేతినే. వానలో గ్లవ్ అంచు రెయిన్‌కోటు స్లీవ్ లోపలికి ఉండాలి, లేకపోతే చేతి మీద జారే నీళ్ళన్నీ గ్లవ్‌లోకే దిగుతాయి.

హెల్మెట్ మొహమంతా కప్పేది, ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొను. పెట్టుకుని తల అటూ ఇటూ విదిలిస్తే చెంపల చర్మం దాంతోపాటు కదలాలి. నల్ల వైజర్ (మొహం ముందుండే అద్దం) రాత్రి ప్రయాణానికి పనికిరాదు, రంగులేనిదే ఉంచు. ఘాట్‌లో మంచు పడితే నీ ఊపిరికే వైజర్ లోపల ఆవిరి పట్టి ఏమీ కనపడదు. అందుకు పిన్‌లాక్ పొర, అంటే ఆవిరి పట్టనివ్వకుండా లోపల తగిలించే పొర, పట్టే వైజర్ ఉన్న మోడల్ చూసుకో. వెనక కూర్చునే స్నేహితురాలికీ హెల్మెట్ ఉండాల్సిందే, చట్టం ఇద్దరికీ ఒకటే.

చీలమండ కప్పే బూట్లు, ప్యాంటు లోపల మోకాలి గార్డులు. మామూలు జీన్స్ తారురోడ్డు మీద క్షణాల్లో చిరిగిపోతుంది, దాన్ని నమ్ముకోకు.

డబ్బు అన్నింటికీ ఒకేసారి సరిపోకపోతే ముందు హెల్మెట్, గ్లవ్స్, తర్వాత జాకెట్, బూట్లు. రెయిన్‌కోటు, థర్మల్ మరీ ఖరీదైనవి అక్కర్లేదు.

కొన్నాక ఒకరోజు అన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని ఊళ్ళోనే భీమిలి దాకా వెళ్ళిరా. మెడ పక్కకి తిరుగుతోందా, క్లచ్ వేళ్ళకి అందుతోందా, రెయిన్ ప్యాంటుతో కాలు సీటు మీదుగా వేయగలుగుతున్నావా చూసుకో. ఇబ్బంది ఉంటే మార్పించుకోవడానికి బిల్లు పారేయకు. శనివారం షాపుకి వెళ్తే జాకెట్ లోపలి లేబుల్, ప్యాడ్లు ఫోటో తీసి నాకు పంపు. చూసి చెప్పాకే డబ్బు కట్టు.

మీ మావయ్య