నాన్నగారి ఫిజియోథెరపీకి 48 వేల ప్యాకేజీ కట్టాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, రాజమండ్రిలో ఉంటారు. పోయిన నెల బాత్రూంలో పడ్డారు. ఎముకలు విరగలేదు గానీ నడుస్తుంటే తూలుతున్నారు. బ్యాలెన్స్ కోసం మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించమన్నారు డాక్టరు. ఇంటికొచ్చి చేయించే ఆయన రోజుకు 600 అడుగుతున్నారు, 90 రోజులకు ముందే కడితే 48 వేలట. ఇన్సూరెన్స్ లేదు. ఎఫ్‌డీ తీసేయనా, నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ ఆపనా?

జవాబు: రెండూ వద్దు. ఆ 48 వేలు ఒకేసారి కట్టడం అసలే వద్దు. మా అమ్మ విషయంలో నేనూ ఇలాగే డిస్కౌంట్ చూసి మొత్తం కట్టేశాను, ముప్ఫై రోజులు తిరగకుండానే ఆవిడ "రోజూ ఎవరో వచ్చి కూర్చోమని, లేవమని చెప్పడమేంట్రా" అని మానేసింది, మిగతా డబ్బు తిరిగి రాలేదు.

అమ్మ మాటలో పాయింటు ఉంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ వాళ్లు పెద్దవాళ్లు పడిపోకుండా ఉండటానికి రూపొందించిన వ్యాయామాల పద్ధతిలో, నేర్పే మనిషి మొదట్లో నాలుగైదుసార్లు ఇంటికొచ్చి చూపించి, తర్వాత కష్టం పెంచుతూ పోతారు. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున చేసుకోవాల్సింది మాత్రం పెద్దాయనే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నడవడం, ఇలాంటివే. మా అమ్మ ఇప్పుడు సీరియల్ మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడల్లా పదిసార్లు లేచి కూర్చుంటుంది, పక్కన బరువైన టేబుల్, వెనక నేనో నాన్నో.

కాబట్టి డాక్టరు ఒప్పుకుంటే మొదటి రెండు వారాలు మూడేసి సెషన్లు, తర్వాత పది వారాలు వారానికొకటి పెట్టించుకోండి. మొత్తం 16, అంటే 9,600. ఏ సెషన్‌కి ఆ సెషన్ ఇవ్వండి. పక్షవాతం, పార్కిన్సన్స్ లాంటిది ఉంటే లెక్క వేరు, అప్పుడు రోజూ మనిషి అవసరం కావచ్చు. తల తిప్పినప్పుడు మాత్రమే కళ్లు తిరుగుతుంటే చెవి లోపలి సమస్య కావచ్చు, లేచి నిలబడగానే తూలుతుంటే బీపీ మాత్రలు కారణం కావచ్చు. ఈ రెండూ ముందు డాక్టరుతో తేల్చుకోండి, లేకపోతే వ్యాయామాలకు పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

మిగిలిన డబ్బులో కొంత బాత్రూం మీద పెట్టండి. కమోడ్ పక్కన గోడకు స్టీల్ కడ్డీ, జారని మ్యాట్, రాత్రికి చిన్న లైటు, అరిగిపోయిన హవాయి చెప్పులకు సెలవు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌కు, తర్వాత మనిషిని పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ముందు ఇదెంత.

70 దాటారు కాబట్టి ఆధార్‌తో కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యం. కాకపోతే అది ఆస్పత్రిలో చేరితేనే, ఇంటి దగ్గర ఫిజియోకి రాదు.

పన్ను సంగతి: మీరు పాత విధానంలో ఉంటే, నాన్నగారి పేర పాలసీ లేదు కాబట్టి ఆయన వైద్య ఖర్చులకు 80డి (2025 కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ 126) కింద ఏడాదికి 50 వేల వరకు మినహాయింపు అడగొచ్చు. నగదు ఇస్తే చెల్లదు, ఫోన్‌పే చేసి, పేరూ తేదీ ఉన్న రసీదు తీసుకోండి. కొత్త విధానంలో ఇది లేదు, దీనికోసమే విధానం మార్చుకోవాల్సిన పనీ లేదు.