‘బ్లూ హవాయి’లో ఎల్విస్ ఆ ప్రేమగీతాన్ని ఎవరి కోసం పాడాడు?

1961లో విడుదలైన ‘బ్లూ హవాయి’లో ఎల్విస్ ప్రెస్లీ ‘కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్’ పాటను కథానాయిక కోసం కాక, ఆమె అమ్మమ్మ పుట్టినరోజు వేడుకలో ఆ పెద్దావిడ కోసం పాడాడు.

దర్శకుడు నార్మన్ టారోగ్ తీసిన ఈ సముద్రతీర హాస్యచిత్రంలో పాటలు చాలావరకు ఏదో ఒక సందర్భాన్ని పట్టుకొని వస్తాయి. సైన్యం నుంచి తిరిగివచ్చిన నాయకుడు చాడ్ (ఎల్విస్ పోషించిన పాత్ర) ఆ అమ్మమ్మకు ఒక సంగీతపు పెట్టెను కానుకగా ఇస్తాడు. మూత తెరవగానే అందులోంచి వినిపించే రాగాన్నే అందుకొని, గొంతు పెంచకుండా, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నంత మెత్తగా పాడతాడు. ఆ బాణీకి ఆధారం మార్టినీ స్వరపరచిన 18వ శతాబ్దపు ఫ్రెంచి గీతం కనుక, పాతకాలపు పెట్టెలోంచి రావడం దానికి చక్కగా అమరింది. సినిమాలోని పాటలన్నిటిలోకీ మిన్న అయిన దానిని ఇంత చిన్న సన్నివేశంలో ఉంచడం విచిత్రమే.

ఇది నాయికా నాయకుల యుగళ సన్నివేశమని చాలామంది పొరబడతారు. సాహిత్యం పూర్తిగా ప్రేమికుల మాటల్లాగే ఉండటం, తర్వాతి కాలంలో ఎల్విస్ తన కచేరీలను తరచుగా ఈ పాటతోనే ముగించడం అందుకు కారణాలు. చివర్లో కవాయి ద్వీపంలోని కోకో పామ్స్ హోటల్ వద్ద చిత్రీకరించిన పెళ్లి ఘట్టంలో, పూలతో అలంకరించిన పడవ మీద వినిపించేది ‘హవాయియన్ వెడ్డింగ్ సాంగ్’ అనే వేరే పాట.