అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉన్న నికోడెమస్ ఊరు ఎందుకు దాదాపు ఖాళీ అయింది?

ఒక్క మాటలో చెప్పాలంటే, రైలు రాలేదు.

గ్రాహం కౌంటీలోని ఈ ఊరిని 1877లో కట్టుకున్నది బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు. ఎక్కువమంది కెంటకీ నుంచి సొంత భూమి మీద ఆశతో వచ్చారు. తీరా వస్తే ఇళ్లు లేవు, కలపకు చెట్లూ పెద్దగా లేవు. నేలలో గుంతలు తవ్వుకుని వాటిలోనే కాపురం పెట్టారు. 1878లో వచ్చిన విలియానా హిక్‌మన్ "ఊరేదీ?" అని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగను చూపించి "అదే" అన్నాడట. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆ పొగ తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అయినా నిలదొక్కుకున్నారు. చర్చీలు, బడి, దుకాణాలు వచ్చాయి. ఇక్కడ స్థిరపడ్డ ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో ఏకంగా రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచారు.

1888లో రైల్వే లైను నదికి అవతల, దక్షిణంగా వేశారు. వ్యాపారాలు అక్కడ పుట్టిన బోగ్ అనే ఊరికి తరలిపోయాయి. కొందరైతే తమ దుకాణాల కట్టడాలనే అక్కడికి లాక్కెళ్లారు. పొలాలున్నవాళ్లు మాత్రం చాలామంది కదల్లేదు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఏటా జూలై చివర్లో నికోడెమస్‌లో కలుసుకుంటారు.